ఊదా సీసాల అల్మరా

మా బావ తన పళ్ళ ఆసుపత్రి ముందుగదిలో ఒక గాజు అల్మరా పెట్టించాడు. మనిషి ఎత్తుంటుంది. అరలన్నీ అద్దాలు, అద్దాల వెనక తెల్లటి లైట్లు. ఆ అరల్లో చిటికెనవేలంత ప్లాస్టిక్ సీసాలు వరసగా నిలబెట్టి ఉంటాయి. అన్నింట్లోనూ ఊదారంగు ద్రవం. పైన బంగారు అక్షరాలతో బోర్డు: ‘ఇంతవరకు ఒక్కటి కూడా ఫెయిల్ కాలేదు’. పంటినొప్పితో వచ్చినవాళ్ళు దవడ పట్టుకుని కూర్చుని, ఆ సీసాల వంక చూసి, ఏమీ అర్థం కాక, గౌరవంగా తల ఊపుతారు. అర్థం కాని వస్తువు మీద జనానికుండే గౌరవంతోనే మా బావ ఇంతవాడయ్యాడు.

ఆయనా దంతవైద్యుడే. చదివాడు, పాసయ్యాడు, కాదనను. కానీ ఆ ఆసుపత్రిలో పళ్ళు తీసేదీ, కట్టేదీ, కుట్లు వేసేదీ మా అక్క. ఆమె కూడా దంతవైద్యురాలే. బావ పని మాట్లాడటం. అక్క చేతికి ఖాళీ ఉండదు, బావ నోటికి ఖాళీ ఉండదు. ఆ నోట్లోనే వెనకవైపు ఒక జ్ఞానదంతం సగం విరిగి కూర్చుంది. మాట మధ్యలో చెంప నొక్కుకుని, ‘అబ్బ’ అని, మళ్ళీ మొదలుపెడతాడు. “తీసేస్తా రండి” అని అక్క ఎన్నిసార్లు పిలిచినా, తీరిక లేదంటాడు. పళ్ళ డాక్టరుకు పంటినొప్పి అని ఇంట్లో అందరం నవ్వుకుంటాం.

నేను సెలైన్ సీసాలు తయారుచేసే ఫ్యాక్టరీలో సూక్ష్మజీవుల ల్యాబ్ చూస్తాను. చంపేశామనుకున్న క్రిమి ఎక్కడైనా బతికి మిగిలిందేమో వెతకడం నా ఉద్యోగం. అక్క కూతురు చిన్నప్పుడు నాకు ‘పురుగుల పిన్ని’ అని పేరు పెట్టింది. పిల్ల పెద్దదై ఆ పేరు మరిచిపోయింది. బావ మరవలేదు.

ఆ సీసాల సంగతి రెండు ముక్కల్లో చెబుతాను, లేకపోతే మా బావ ఘనత మీకు పూర్తిగా అందదు. ఒక్కో సీసాలో చిన్న కాగితం ముక్క ఉంటుంది. దాని మీద గట్టి పెంకు కట్టుకుని నిద్రపోతున్న క్రిములుంటాయి. మనుషులకు వాటితో ప్రమాదం లేదు గానీ, చావమంటే ఓ పట్టాన చావవు. పనిముట్లను ఆవిరితో శుద్ధి చేసే యంత్రంలో, ఆ పనిముట్ల మధ్యే ఈ సీసా పెట్టాలి. తీశాక, సీసాలోనే విడిగా ఉన్న ద్రవం కాగితానికి తగిలేలా నొక్కి, వెచ్చగా ఉండే చిన్న పెట్టెలో ఒక రోజు ఉంచాలి. ఊదారంగు అలాగే ఉంటే క్రిములు చచ్చాయి, యంత్రం పని చేసింది. పసుపు రంగుకు తిరిగితే బతికే ఉన్నాయి, యంత్రం పని చెయ్యలేదు.

దీనికి తోడు ఇంకో నియమం ఉంది. యంత్రంలో అసలు పెట్టని సీసా ఒకటి ప్రతిసారీ ఆ వెచ్చటి పెట్టెలో పక్కనే ఉంచాలి. అది పసుపుకు తిరిగి తీరాలి. వేయించిన గింజలు మొలకెత్తవని చూపించాలంటే పక్కన పచ్చి గింజలు కూడా నానబెట్టాలి కదా. అవీ మొలకెత్తకపోతే మనం నీళ్ళు పొయ్యడం మరిచామని అర్థం. ఇది చంటిపిల్లలకు చెప్పినా తెలుస్తుంది. మా బావ చంటిపిల్లాడు కాడు, అదీ చిక్కు.

ఈ గొడవ మొదలైన రోజు నేను అల్మరా చూడటానికి వెళ్ళలేదు, అమ్మను తీసుకుని వెళ్ళాను. అమ్మకు కింది పళ్ళు కదిలిపోయాయి. వాటిని తీసేసి, దవడ ఎముకలో స్క్రూలు బిగించి, కొత్త పళ్ళు కట్టాలని అక్క అన్నది. సోమవారానికి అనుకున్నారు. అమ్మకు చక్కెర జబ్బు. ఇంతకుముందు చెప్పు కరిచి కాలికి చిన్న పుండు పడితే, అది మానక మానక చివరికి ఒక వేలు తీసేయాల్సి వచ్చింది. అప్పుడు ఆసుపత్రిలో ఆమె మంచం పక్కన కూర్చున్నది నేను. ఆ వాసన నాకింకా ముక్కులోనే ఉంది. వేలు తీస్తే మనిషి నడుస్తుంది. దవడ ఎముకకు చీము పడితే ఏం తీస్తారు?

అక్క లోపల ఎక్స్‌రే తీస్తుంటే నేను అల్మరా ముందు నిలబడ్డాను. ఎంత వెతికినా పసుపు సీసా కనబడలేదు.

“పసుపువి ఏవి బావా?” అన్నాను.

“ఏ పసుపువి?”

“యంత్రంలో పెట్టనివి. పక్కన పెడతారుగా, పోల్చి చూడటానికి.”

“ఓ, అవా! అవి మానిపించేశాను మరదలా. ప్రతిసారీ ఫెయిలే. ఒక్కసారన్నా పాసైతే ఒట్టు. చూసేవాళ్ళేమనుకుంటారు? ఇన్ని పాసవుతుంటే మధ్యలో దిష్టిబొమ్మలా అదొకటెందుకు?”

“అది ఫెయిలవ్వాలి బావా. అది ఫెయిలైతేనే మిగతావి పాసైనట్టు.”

ఆయన ముందుగదిలో కూర్చున్న వాళ్ళందరి వైపూ ఒకసారి తిరిగాడు. జనం కనబడితే ఆయన గొంతుకు అత్తరు పూసినట్టవుతుంది. “విన్నారాండీ? క్లాసులో ఒకడు తప్పితేనే మిగతావాళ్ళు పాసయినట్టట. మా పురుగుల పిన్ని లెక్క ఇది!”

అందరూ నవ్వారు. ఎక్స్‌రే అయి బయటికొచ్చిన అమ్మ కూడా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. ఆ నవ్వు కన్నా ఎక్కువ మండించింది ఆయన ముఖంలోని తృప్తి. పైన పటారం లోన లొటారం అనే మాట వినడమే గానీ, దానికి టై కట్టి ఎదురుగా నిలబెట్టడం అప్పుడే చూశాను.

“నీకెప్పుడూ అల్లుడుగారి మీద ఏదో ఒకటి” అన్నది అమ్మ దారిలో. “బూట్లు బాగాలేవంటావు. నవ్వు బాగాలేదంటావు. ఇప్పుడు సీసాలు.”

అందులో అబద్ధం లేదు. ఆయన బూట్లనూ, నవ్వునూ, ఫోన్లో మాట్లాడేటప్పుడు మారే గొంతునూ నేను అప్పటికే తనివితీరా వెక్కిరించి ఉన్నాను. తీరా నిజంగా అనాల్సింది వచ్చేసరికి, అదీ వాటిలో కలిసిపోయింది. నోరున్నందుకు నాకు పడిన శిక్ష అది. అయినా ఆ బూట్లు బాగుండవు.

అక్కకు ఫోన్ చేసి గొడవ పెట్టుకున్నాను. ఆమె విసుక్కుని, “సరే, యంత్రంలో పెట్టని సీసా ఒకటి పెట్టిస్తాలే. ఒక్క సీసాతో మా కొంపేం మునగదు” అన్నది.

మర్నాడు వెళ్ళేసరికి బావ గుమ్మంలోనే ఎదురొచ్చాడు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టు చేతిలో సీసా పట్టుకుని ఊపుతున్నాడు. ఊదా. పక్కా ఊదా.

“చూశావా? యంత్రంలో పెట్టకుండానే పాసైంది!”

నేను సీసా అందుకుని అటూ ఇటూ తిప్పాను. ఆయన దాన్ని నా ఓటమి అనుకున్నాడు.

“అంటే ఏంటి? మా ఆసుపత్రిలో గాలే అంత శుభ్రంగా ఉందన్నమాట. క్రిమి అన్నది బతకదిక్కడ. దీన్ని అల్మరాలో పై అరలో పెట్టిస్తా. కింద ‘యంత్రం లేకుండానే’ అని రాయిస్తా.”

నా ఉద్యోగంలో మొద్దులను చాలామందిని చూశాను. చెయ్యి కడుక్కోకుండా చెయ్యి కడుక్కోవడం గురించి ఉపన్యాసం ఇచ్చినవాణ్ణి కూడా చూశాను. కానీ పరీక్షే చచ్చిందని చెప్పడానికొచ్చిన సీసాకు పట్టం కట్టేవాణ్ణి చూడటం అదే మొదలు. నేరుగా వెనకగదిలోకి నడిచాను.

వెనకగది ముందుగదికి సవతి బిడ్డ. బల్బు ఒకటే, సింకు పక్కన పెచ్చులూడిన గోడ, కాళ్ళకడ్డం పడే బకెట్టు. ఆవిరి యంత్రం మూల బల్ల మీద బుసలు కొడుతోంది. దాని పక్కన అద్దంలా మెరిసే స్టీలు పెట్టెలు దొంతరగా ఉన్నాయి. పనిముట్లు పెట్టడానికి బావ ఏరికోరి కొన్న పెట్టెలవి. వాటి పక్కన సీసాలు పెట్టే చిన్న వెచ్చటి పెట్టె. దాని కన్నాల్లో సీసాలు బుద్ధిగా నిలబడి ఉన్నాయి. చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది. దాని వైరు బల్ల వెనక వేలాడుతోంది. అది ఉండాల్సిన ప్లగ్గులో ఇంకో వైరుంది. ఆ వైరు వెంట చూపు పోనిచ్చాను. గోడకు కన్నం పెట్టి, అవతలికి, గాజు అల్మరా లైట్లకు పోయింది.

“ఇది ఎవరు తీశారమ్మా?” అని సింకు దగ్గరున్న నర్సమ్మను అడిగాను.

“డాక్టర్ గారేనండీ. ఆ లైట్లకి వేరే ప్లగ్గు లేదన్నారు.” ఆమె పనిముట్లు తుడుస్తూ చెప్పింది. “దీనికి కరెంటు కావాలాండీ? సీసాలు పడిపోకుండా నిలబెట్టే స్టాండు అనుకున్నా నేను. ఇవాళ పెట్టి రేపు తీస్తున్నా. రంగు మారలేదు, పాస్ అంటున్నా.”

ఎప్పటి నుంచి అని అడిగితే, అల్మరా వచ్చినప్పటి నుంచి అన్నది. అంటే అల్మరాలో ఉన్న ప్రతి సీసా, దాన్ని వెలిగించడం కోసం చంపిన పరీక్షలోనే పాసైంది. చచ్చిన పామును పది మందిలో ప్రదర్శనకు పెట్టి పాములవాణ్ణని చెప్పుకున్నట్టుంది మా బావ వ్యవహారం.

లైట్ల వైరు పీకేసి, వెచ్చటి పెట్టె వైరు పెట్టి, యంత్రంలో పెట్టని సీసా ఒకటి అందులో నిలబెట్టాను. నర్సమ్మ రోజూ సీసాను యంత్రం తలుపు దగ్గర, పెట్టెలన్నింటి మీదా పైపైన పెట్టేదట. నేను ఒక స్టీలు పెట్టె మూత తీసి, పనిముట్ల మధ్యలో ఒక సీసా పెట్టి మూసి ఇచ్చాను. ఆ పెట్టెకు ఎక్కడా ఒక్క కన్నం కూడా లేదు. కన్నాలుంటే మెరుపు తగ్గుతుంది కదా. ఆవిరి లోపలికెలా పోతుందని ఎవరూ అనుకున్నట్టు లేదు.

మర్నాడు రెండూ పసుపే. పెట్టనిది పసుపు, అది సరే. పెట్టెలో పెట్టి యంత్రంలో ఉడికించింది కూడా చిక్కటి పసుపు. ఆ పెట్టెలోనే అమ్మ దవడలో దిగాల్సిన పనిముట్లు ఉంటాయి. రెండు సీసాలూ తీసుకెళ్ళి బావ చేతిలో పెట్టాను.

బావ రెండు సీసాలనూ వెలుతురులో ఎత్తి చూశాడు. చాలాసేపే చూశాడు. ముఖంలో ఏదో కదిలి ఆగింది. తర్వాత చెంప నొక్కుకుని అన్నాడు, “రెండూ ఒకటే రంగు. సరుకే బాగోలేదు. వేరే సీసాలు తెప్పిస్తా.”

“నిన్న రెండూ ఒకటే రంగైతే గాలి శుభ్రంగా ఉందన్నారు.”

“అది వేరు, ఇది వేరు.”

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. అక్క వైపు చూశాను. అక్క యంత్రం మీద వేడి చూపించే సూదినీ, పెట్టెల మీద అంటించిన టేపునూ మార్చి మార్చి చూస్తోంది. “సూది సరిగ్గానే తిరుగుతోంది. టేపు గీతలు నల్లబడ్డాయి. మరి ఇదేంటి?” అన్నది.

“టేపు పెట్టె బయటుంది కదక్కా. బయట వేడి తగిలిందని చెబుతుంది. లోపల సంగతి దానికేం తెలుసు?”

“సోమవారం లోపు ఇంకోసారి చేసి చూద్దాం” అన్నాడు బావ. “పద్ధతిగా. వెచ్చగానే పెడదాం, పెట్టని సీసా కూడా పక్కన పెడదాం. సరేనా మరదలా?”

అంత మెత్తగా మాట్లాడినప్పుడే నేను అనుమానించాల్సింది.

సోమవారం పొద్దున అమ్మను తీసుకుని వెళ్ళేసరికి ముందుగది నిండుగా ఉంది. అల్మరా మళ్ళీ ధగధగలాడుతోంది. లైట్లకు ఎక్కడి నుంచో పొడుగు వైరు లాగించాడు. బావ కొత్త టై కట్టుకున్నాడు, ఒక చెంప ఉబ్బి ఉంది. నా చేతిలో రెండు సీసాలు పెట్టాడు. ఒకటి పసుపు, ఒకటి ఊదా.

“నీ పద్ధతిలోనే” అన్నాడు. “పెట్టనిది ఫెయిల్, పెట్టింది పాస్. ఇప్పుడేమంటావు?”

నేను నర్సమ్మ వైపు తిరిగాను. “ఈ సీసా స్టీలు పెట్టెలోనే పెట్టావా?”

“లేదండీ. ఎప్పటిలాగే పైన పెట్టమన్నారు డాక్టర్ గారు.”

“చూశావా అక్కా! పెట్టెలో పెట్టకుండా…”

“ఇవాళ పెట్టెలో అంటావు, రేపు నా జేబులో పెట్టమంటావు” అని బావ నవ్వాడు. “అందరికీ టైమవుతోంది. అత్తయ్యగారూ, లోపలికి రండి.”

అక్క అలసిపోయి ఉంది. ఆ పసుపూ ఊదా జంట చూసి ఆమె మనసు కుదుటపడింది. కుదుటపడాలని ఉన్న మనసుకు పెద్ద రుజువులు అక్కర్లేదు. అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, మెడ కింద గుడ్డ కట్టింది. చేతులు కడుక్కుని, తొడుగులు వేసుకుంది. మెరిసే స్టీలు పెట్టె పక్కన ట్రేలోకి వచ్చింది.

నేను తలుపు దగ్గర నిలబడి అరిచాను. ఏమేం అన్నానో సరిగా గుర్తులేదు. దద్దమ్మ అన్నాను, టై కట్టిన గాడిద అన్నాను, అమ్మ కాలి వేలు అన్నాను. బావ తల అడ్డంగా ఊపుతూ, జాలిపడుతున్నట్టు నిలబడ్డాడు. మేకపోతు గాంభీర్యం అంటే అదే.

“చిన్నదానా, నువ్వు కాసేపు నోరు మూసుకో” అన్నది అమ్మ కుర్చీలోంచి.

నోరు మూశాను. ఏడుపొచ్చింది.

అమ్మ మెడ తిప్పి, ఎప్పటిలాగే మర్యాదగా, మెత్తగా అన్నది, “అల్లుడుగారూ, మీ చెంప వాచిపోయింది. పాపం చూడలేకపోతున్నాను. ముందు మీరు కూర్చోండి బాబూ. పెద్దది ఆ పన్ను తీసేస్తుంది. తర్వాత నాది చూసుకోవచ్చు.”

“అయ్యో, పెద్దవాళ్ళుండగా నేనా?”

“పెద్దవాళ్ళకేం తొందర? ఇదిగో, పెట్టె సిద్ధంగానే ఉంది. దీంట్లోవే వాడమనండి.” అమ్మ గుడ్డ విప్పుకుని దిగడం మొదలుపెట్టింది.

“అవునండీ” అన్నది అక్క. ఆమెకు అందులో తిరకాసేమీ కనబడలేదు. “ఎన్నాళ్ళ నుంచో రమ్మంటున్నా. నిమిషాల్లో అయిపోతుంది, కూర్చోండి.” పెట్టె మూత మీద చెయ్యి వేసింది.

బావ ఒక అడుగు వెనక్కి వేశాడు. “నాది… నాది వేరేచోట చూపిస్తున్నాను. సాయంత్రం రమ్మన్నారు.”

“వేరేచోటా? ఎక్కడ?”

ఆయన గొణిగాడు. ఎదురుసందులో ముసలి డాక్టరు. గోడలకు సున్నం కూడా వేయించడనీ, అది ఆసుపత్రి కాదు పళ్ళ కొట్టనీ మా బావ ప్రతి విందులోనూ ఎవరిని చూసి నవ్వుతాడో, ఆయనే.

“ఎప్పుడు మాట్లాడారు?” అన్నది అక్క.

ఆయన టై సర్దుకున్నాడు.

“ఆ రెండు పసుపు సీసాలూ చూసిన రోజా?”

దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు.  అమ్మ చెప్పుల కోసం కాళ్ళతో తడుముకుంటోంది.

ఇన్నేళ్ళూ నేను ఆయన్ని తెలివితక్కువవాడని చులకన చేశాను. తప్పు లెక్క వేశాను. ఆయనకు తెలుసు. సీసా ఎందుకు పసుపైందో తెలుసు, ఈసారి దాన్ని ఎక్కడ పెట్టిస్తే ఊదాగా ఉంటుందో తెలుసు. తన ఒక్క పంటి కోసం అల్మరా లేని ఆసుపత్రి వెతుక్కునేంత బాగా తెలుసు. మూర్ఖుణ్ణి అసహ్యించుకోవడం సరదాగా ఉంటుంది. ఆయన్ని చూస్తే ఇప్పుడు ఆ సరదా కూడా లేదు, ఒట్టి రోత.

“మా అమ్మకు మాత్రం వీటితోనే చెయ్యనిస్తున్నారు మీరు” అన్నది అక్క. గొంతు పెంచలేదు. తొడుగులు తీసి, ఆ మెరిసే పెట్టె మీద పడేసింది.

ముందుగదిలోకి వెళ్ళి, అల్మరా వెనక చెయ్యి పెట్టి, వైరు పీకేసింది. లైట్లు ఆరిపోయాయి. అప్పుడు చూస్తే ఆ సీసాలు సిరా మరకల్లా ఉన్నాయి.

“ఇవాళ ఎవరికీ పళ్ళు తీయడం లేదండీ. క్షమించండి” అన్నది.

గోడ పక్క కుర్చీలో ఒక తాతగారు చెంపకు తువ్వాలు అదిమి పెట్టుకుని కూర్చున్నారు. ఆయన బోర్డు వైపు వేలు చూపించారు. “అదేంటమ్మా? ఇవన్నీ పాసయ్యాయని రాసుందిగా?”

“అవసలు పరీక్షే రాయలేదు తాతగారూ.” అక్క ఆయన ముఖం వంక పరీక్షగా చూసింది. “మీరు ఇంతకుముందు ఇక్కడ తీయించుకున్నారు కదూ?”

“నువ్వేగా తీశావు. పై పన్ను. అప్పటి నుంచే ఈ వాపు.”

అక్క ఆయన ముందు నేల మీద మోకాళ్ళ మీద కూర్చుంది. “ఏదీ, నోరు తెరవండి” అని, ఆయన గడ్డం పట్టుకుని పైకెత్తింది. 

లోపల్నుంచి బావ గొంతు వినబడింది. “అల్మరా లైటెవరు తీశారు?”